కిటికీ తెరవని ప్రార్థన



పోయిన నెల ఈ పేజీలో తాగే నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఈ నెల నిప్పు గురించి మాట్లాడుకుందాం. వానలు వెనకబట్టాయి, చలి మొదలయింది. మా రేణిగుంట చలి గొప్ప చలి కాదు. మదనపల్లె వాళ్లు, హార్సిలీ కొండ మీద ఉండేవాళ్లు వింటే నవ్వుతారు. అయినా తెల్లవారుజామున నీళ్లపొయ్యి చుట్టూ పిల్లలు చేరి చేతులు కాచుకునే కాలం ఇదే. ముసలివాళ్ల మంచం పక్కకు, బాలింత గదిలోకి కుంపటి చేరే కాలం కూడా ఇదే. అందుకే ఒక సంగతి చెప్పాలి. అది నాకు గౌరవం తెచ్చే సంగతి కాదు. అయినా చెప్పకపోతే తప్పవుతుంది.

కొన్నేళ్ల క్రితం, ఒక డిసెంబరు నెలలో, రేణిగుంటకు దగ్గరలోని పల్లెలో మా సంఘస్థుల ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. ఆ ఇంటి ఆడపిల్ల తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టి పదకొండు రోజులు. లోపల గదికి ఒకటే తలుపు, ఒకటే కిటికీ. కిటికీకి గోనెసంచి కుక్కి ఉంది. మంచం కింద బొగ్గుల కుంపటి. దాని మీద సాంబ్రాణి వేశారు. గది వెచ్చగా, మంచి వాసనగా ఉంది. తల్లీబిడ్డలు మత్తుగా పడుకొని ఉన్నారు.

నేను మోకరించి ప్రార్థన చేశాను. పొట్టిగా చేసే అలవాటు నాకు లేదు. తల్లి కోసం, బిడ్డ కోసం, దూరాన పనిలో ఉన్న తండ్రి కోసం ప్రార్థించాను. మధ్యలో తల బరువెక్కింది. ఆ రోజు ఉపవాసం ఉన్నాను, దానివల్ల కాబోలు అనుకున్నాను. లేచి నిలబడితే కాళ్లు తేలిపోయినట్టయింది.

"అవ్వా, గాలి ఆడడం లేదు. కిటికీ కొంచెం తీస్తే బాగుంటుందేమో" అన్నాను.

"బాలింతకి గాలి సోకకూడదయ్యగారూ. నేను ఏడుమందిని ఇట్లనే సాకినా" అంది ఆ యింటి అవ్వ.

పెద్దావిడ మాట. పురుడు పుణ్యం సంగతి నాకేం తెలుసు? మౌనంగా కాఫీ తాగి, బండెక్కి ఇంటికి వచ్చేశాను. బయట చల్లగాలి తగలగానే తలనొప్పి తగ్గింది. అది ఎందుకు తగ్గిందని కూడా నేను ఆలోచించలేదు.

ఆ రాత్రి మూడు గంటలకు తాత గేదెలకు మేత వేయడానికి లేచాడు. బిడ్డ ఏడుపు ఒక్కసారి కూడా వినిపించలేదని అనుమానం వచ్చి గది తలుపు తోశాడు. తల్లి పిలిస్తే పలకలేదు. బిడ్డ ఒళ్లు వాలిపోయింది. 108కి ఫోన్ చేసి తిరుపతి ఆసుపత్రికి చేర్చారు. ఇద్దరికీ ప్రాణవాయువు పెట్టారు. దేవుని కృప వలన ఇద్దరూ బతికారు. తెల్లవారి నేను పోయేసరికి డాక్టరమ్మ వరండాలో అవ్వను అడుగుతోంది: "గదిలో బొగ్గులు పెట్టినారా? కిటికీ మూసినారా? ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదా అన్న మాట అవ్వకు కాదు, నాకు తగిలింది. బైబిలు కళాశాలలో డిప్లొమా చదివాను. ప్రసంగం ఎట్లా చేయాలో, పెళ్లి ఎట్లా జరిపించాలో, సమాధి కార్యక్రమం ఎట్లా నడిపించాలో నేర్పారు. కుంపటి గురించి అక్కడ ఎవరూ చెప్పలేదు. కాని నా తల నాకు చెప్పింది. నేను వినలేదు. ప్రార్థన చేసి వచ్చాను గాని, కిటికీ తెరవలేదు.

ఆ తర్వాత తెలిసినవాళ్లను అడిగి, చదివి, ఈ నిప్పు సంగతి నేర్చుకున్నాను. అదే ఈ నెల మీతో పంచుకుంటున్నాను.

కనిపించని విషం

కట్టె గాని, బొగ్గు గాని బాగా మండాలంటే గాలిలోని ప్రాణవాయువు కావాలి. గాలి సరిపడా అందితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండించదు, దగ్గు తెప్పించదు. మన రక్తంలో హిమోగ్లోబిన్ అనేది ప్రాణవాయువును ఒళ్లంతా మోస్తుంది. ఈ విషవాయువు దానికి ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. బస్సు రాగానే కిటికీలోనుంచి టవలు వేసి సీట్లన్నీ ఆపుకున్నట్టు, రక్తంలో చోటంతా ముందే ఆక్రమించుకుంటుంది. తర్వాత వచ్చే ప్రాణవాయువుకు కూర్చునే చోటుండదు.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. పొగ వస్తేనే ప్రమాదం, ఎర్రటి నిప్పులు ఉంటే భయం లేదనుకుంటారు. పొగ లేని బొగ్గుల కుంపటి ఈ విషయంలో పొగ పొయ్యి కంటే ప్రమాదం. పొగ వస్తే మనిషి దగ్గి లేచి బయటికి పోతాడు. నిప్పులు మాత్రం నిశ్శబ్దంగా ఈ వాయువును వదులుతూనే ఉంటాయి. పైన సాంబ్రాణి వేస్తే మంచి వాసనలో గది ఉక్కిరిబిక్కిరి కూడా తెలియదు.

గుర్తులు ఏమిటంటే, తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, ఒళ్లు తూలడం, విడువని మత్తు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి పోతే తగ్గుతుంటే అనుమానించాలి. నిద్రపోతున్నవారికి ఈ గుర్తులేవీ తెలియవు. నిద్రలోనుంచే స్పృహ పోతుంది. పసిబిడ్డలకు, గర్భంలోని శిశువులకు, గుండె జబ్బు ఉన్నవారికి ఇంకా త్వరగా హాని జరుగుతుంది. అట్లాంటి మనిషి కనిపిస్తే మొదట తలుపులన్నీ తెరిచి, బయట గాలిలోకి తీసుకురండి. తర్వాత 108. లేచి కూర్చున్నాడులే అని ఇంట్లో ఉంచుకోవద్దు. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టించాలి.

కాబట్టి మొదటి మాట: మనుషులు నిద్రపోయే గదిలో కుంపటి వద్దు. కిటికీ కొంచెం తీసి పెట్టుకుంటామయ్యా అని కొందరు అడుగుతారు. అట్లా కూడా వద్దు. రాత్రి చలి ఎక్కువైతే నిద్రమత్తులో మనమే కిటికీ మూస్తాం. బాలింతకు వెచ్చదనం కావాలంటే దుప్పట్లు ఉన్నాయి, బిడ్డకు తల్లి ఒడి ఉంది. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, తలకు టోపీ పెట్టి, ఇద్దరి మీదా దుప్పటి కప్పితే అంతకంటే మంచి వెచ్చదనం లేదు. స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టుకున్నవారికీ ఇదే మాట. గాలి వచ్చే కిటికీ, గాలి పోయే గొట్టం లేని స్నానాల గదిలో అది కుంపటికి తమ్ముడే.

పొయ్యికి రెండు దారులు

ఇప్పుడు కట్టెల పొయ్యి సంగతి. అందరికీ గ్యాస్ వచ్చేసింది కదా, ఇంకా పొయ్యి ముచ్చట ఎందుకని పట్నం పాఠకులు అడగవచ్చు. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. దేశమంతటా 2016 మే 1న ఉజ్జ్వల పథకం మొదలయింది. ఆ మేలు మరువరాదు. కాని ఏ పల్లెకైనా పోయి చూడండి. గ్యాసు మీద కాఫీ, కూర. బయట మూడు రాళ్ల మీద స్నానాల నీళ్లు, పశువుల కుడితి, పెళ్లి అన్నం, రాగిసంగటి. గ్యాసు బండ అయిపోయిన వారం పొయ్యి మళ్లీ ఇంట్లోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఇళ్లలోని పొగ వలన ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారు. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేళ్ల లోపు పిల్లలు. ఆ పొగలో ఎక్కువసేపు కూర్చునేది మన తల్లులూ, వాళ్ల కొంగు పట్టుకొని తిరిగే పిల్లలే.

మా సంఘంలో స్టీమ్ ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా పనిచేసిన పెద్దాయన ఒకరుండేవారు. రేణిగుంట జంక్షన్‌లో ఇంజన్ నిలబడితే పొగగొట్టం వైపు చూసి పని చెప్పేవారట. "నల్లపొగ వస్తుందంటే బొగ్గు మండడం లేదు, వృథాగా పోతోందని అర్థం అయ్యగారూ. మంచి మంటకు పొగ పలచగా ఉండాల" అనేవారు. ఇంటి పొయ్యికీ అదే లెక్క. పొగ అంటే సగం మండిన కట్టె. డబ్బు పెట్టి కొన్న కట్టె కంట్లోకి, ఊపిరితిత్తుల్లోకి పోతోందన్న మాట.

నిప్పుకు రెండు దారులు కావాలి. ఒకటి గాలి లోపలికి వచ్చే దారి, రెండవది పొగ బయటికి పోయే దారి. ఈ రెండూ ఉంటే పొయ్యి సేవకురాలు. ఒకటి మూసినా అది మనిషిని తినే రాక్షసి.

గాలి వచ్చే దారికి, పొయ్యి నోటి నిండా కట్టెలు కుక్కవద్దు. లావు మొద్దు పెట్టే బదులు బొటనవేలి నుంచి మణికట్టు లావున చీల్చి, రెండు మూడు పెట్టండి. కట్టెలు బూడిదలో పడుకోకుండా కింద చిన్న ఇనుప జాలీ గాని, ఇటుక ముక్క గాని పెడితే అడుగునుంచి గాలి ఆడుతుంది. అప్పుడు ఊదుగొట్టంతో ఊది కళ్లు ఎర్రజేసుకునే పని తగ్గుతుంది. గిన్నె మీద మూత పెట్టండి. పప్పు ముందుగా నానబెట్టండి. గిన్నె అడుగున దళసరిగా మసి పేరుకోనివ్వకండి. ఎంత త్వరగా ఉడికితే అంత తక్కువ పొగ.

పొగ పోయే దారి గురించి మన తెలుగు దేశంలోనే ఒక మంచి పని జరిగింది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి.రాజు గారు పేదల ఇళ్లకు పనికివచ్చే పొగలేని మట్టి పొయ్యిని రూపొందించారు. ఆయన దాని మీద రాసిన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకాన్ని మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ 1953లో ప్రచురించింది. ప్రసంగాల పుస్తకాలు, పాటల పుస్తకాలు అచ్చువేసే సంస్థ వంటింటి పొగ గురించి కూడా పుస్తకం వేసిందంటే ఆ పెద్దలకు ఎంత ముందుచూపో చూడండి. అది తెలిసిన రోజు నేను సిగ్గుపడ్డాను. నేను పుట్టకముందే మన పెద్దలు చెప్పిన మాట నేను ఒక్క కుటుంబానికి కూడా చెప్పలేదు.

అట్లాంటి పొయ్యి సూత్రం సులభం. మంట మొదటి గిన్నె కింద మండుతుంది. వేడిపొగ మట్టిలో చేసిన దారి గుండా తర్వాతి గిన్నె కిందికి పోయి, చివరికి గొట్టం ఎక్కి కప్పు పైకి పోతుంది. వేడిగాలి తేలిక గనుక పైకి లేస్తుంది. అది లేచే కొద్దీ కిందినుంచి కొత్త గాలిని పొయ్యిలోకి లాగుతుంది. అంటే గొట్టం పొగను పంపడమే కాదు, మంటకు ఊపిరి కూడా పోస్తుంది.

పొయ్యిని చూసుకోవాలి

1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002 వరకు నడిపింది. మన ఊళ్లలో చాలామంది అట్లాంటి పొయ్యిలు వేయించుకున్నారు. తర్వాత ఎన్నో మూలపడ్డాయి. కారణం చిన్నదే. గొట్టం శుభ్రం చేయలేదు, పగిలిన మట్టి పూయలేదు. కట్టిన రోజు ఉన్న శ్రద్ధ ఆరు నెలలకు లేదు. మన ఆత్మీయ జీవితాల్లో కూడా ఇట్లాంటిదే జరుగుతుంది గాని, ఆ మాట ఇంకో నెల చెప్పుకుందాం.

గొట్టంలో మసి పేరుకుంటుంది. పచ్చికట్టె కాలిస్తే తారులాంటి జిగురు కూడా పడుతుంది. అది దారిని ఇరుకు చేస్తుంది. బాగా పేరుకుంటే ఒకరోజు గొట్టంలోనే అంటుకొని, నిప్పురవ్వలు కప్పు మీద పడతాయి. రోజూ మండే పొయ్యికి నెలకొకసారైనా, పొయ్యి పూర్తిగా చల్లారిన తర్వాత, పొడుగాటి వెదురుకర్రకు కొబ్బరిపీచు గాని గోనె గాని కట్టి గొట్టంలో ఆడించండి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి. రాలిన మసిని కింద నుంచి తీసేయండి. పాత ఆస్‌బెస్టాస్ గొట్టమైతే గీకవద్దు, కోయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. దానిని మార్చుకోవడమే మంచిది. గొట్టం పైన పిట్టలు గూడు కట్టకుండా, వాన పడకుండా రేకు టోపీ పెట్టండి. గొట్టం కప్పుకంటే కనీసం మూడడుగులు ఎత్తు ఉండాలి. బోదకప్పు ఇల్లయితే గొట్టం కప్పుకు తగలనే కూడదు. అట్లాంటి ఇంట్లో పొయ్యి బయట చావిడిలో, గాలివాలుకు ఎదురు లేకుండా ఉండడమే క్షేమం.

మట్టి పొయ్యి పగుళ్లు వారానికొకసారి చూసి మట్టితో మెత్తండి. పగులులోనుంచి పొగ ఇంట్లోకి వస్తుంది.

ఇక బూడిద. లేవీయకాండము ఆరవ అధ్యాయము చదివితే, బలిపీఠము మీద అగ్నిని చూసుకునే యాజకుడు ప్రతి ఉదయం బూడిద ఎత్తి, బట్టలు మార్చుకొని, దానిని పాళెము వెలుపల పవిత్రమైన చోట వేయాలని ఉంది. దేవుడు యాజకునికి బూడిద ఎత్తే పని కూడా చెప్పాడు. దాన్ని చిన్నపని అనుకోవద్దు. పైకి చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పు రెండు మూడు రోజులు కూడా బతికి ఉంటుంది. ప్లాస్టిక్ బకెట్లో, గోనెసంచిలో, అట్టపెట్టెలో ఎత్తకండి. మూత ఉన్న ఇనుప డబ్బాలో ఎత్తి, ఇంటికీ గడ్డివామికీ దూరంగా పెట్టండి. పూర్తిగా చల్లారాక మొక్కలకు వేసుకోవచ్చు. మరునాటి కోసం బూడిద కింద నిప్పు దాచిపెట్టే అలవాటు ఇంకా కొందరిలో ఉంది. అగ్గిపెట్టె రెండు రూపాయలు. ఆ రెండు రూపాయల కోసం రాత్రంతా ఇంట్లో నిప్పు పెట్టుకొని పడుకోవద్దు.

ఏ కట్టె, ఎప్పుడు

అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీరే. దాన్ని మండిస్తే వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. మిగిలేది పొగ. మా ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు. సరిగ్గా చలికి కట్టె కావలసినప్పుడే కట్టె తడిసి ఉంటుంది. అందుచేత ఎండాకాలంలోనే కొని, చీల్చి, ఎండబెట్టుకోండి. రాళ్ల మీద గాని దుంగల మీద గాని నేలకు జానెడు ఎత్తున పేర్చి, పైన మాత్రం రేకు కప్పండి. పక్కలు మూయకండి, గాలి ఆడాలి. ఎండిన కట్టె రెండు చివరలా పగుళ్లు ఇస్తుంది, బెరడు ఊడుతుంది, రెండు కట్టెలు కొడితే ఠంగుమంటుంది. పచ్చిదైతే డబ్బుమని మోగుతుంది. కట్టెలు తీసేటప్పుడు చెయ్యి పెట్టక ముందు కర్రతో కదిలించండి. తేళ్లకూ పాములకూ కూడా వెచ్చని చోటు ఇష్టమే. కట్టెల మోపు పొయ్యి పక్కనే ఆనించి పెట్టవద్దు.

సర్కారు తుమ్మ, మామిడి, సరుగుడు బాగా ఎండితే చక్కగా మండుతాయి. గన్నేరు కట్టె మాత్రం కాల్చవద్దు. ఆ చెట్టంతా విషమే, పొగ కూడా మంచిది కాదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, టైరు ముక్కలు, పాలకవర్లు పొయ్యిలో వేయవద్దు. ప్లాస్టిక్ కవరుతో పొయ్యి అంటించే అలవాటు చాలా ఇళ్లలో చూస్తున్నాను. ఆ పొగ కూర్చున్న తల్లి ముఖానికే కొడుతుంది. ఎండిన కొబ్బరిపీచు, సన్నపుల్లలు చాలు. ఆరిపోయినట్టున్న పొయ్యిలో కిరోసిన్ గాని పెట్రోలు గాని ఎన్నడూ పోయవద్దు. లోపల ఒక్క నిప్పుకణిక ఉన్నా భగ్గుమని చేతిలోని డబ్బాదాకా మంట వస్తుంది.

గ్యాస్ బండ ఉన్న గదిలో కట్టెల పొయ్యి వద్దు. వంటగ్యాసు గాలికంటే బరువు. కారితే నేల మీద పాకుతూ మంట దాకా పోతుంది. పొయ్యి దగ్గర నైలాన్, పాలియెస్టర్ చీరలు కట్టుకోవద్దు. అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలు చీర కట్టి, కొంగు నడుముకు దోపుకోండి. పాకే బిడ్డ ఇంట్లో ఉంటే పొయ్యి చుట్టూ అడ్డం కట్టండి. పక్కన ఒక బిందెడు నీళ్లు, ఒక బకెట్ ఇసుక ఎప్పుడూ ఉండాలి.

బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు. పరుగు మంటకు గాలి. నేల మీద పడి దొర్లాలి, లేదా పక్కవారు దళసరి నూలు దుప్పటి చుట్టాలి. కాలిన చోట మామూలు చల్లని నీళ్లు ఇరవై నిమిషాల పాటు పారనివ్వాలి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. సిరా, టూత్‌పేస్టు, బూడిద, ఆవునెయ్యి ఏవీ పూయవద్దు. బొబ్బలు పగలగొట్టవద్దు. ఉతికిన గుడ్డ కప్పి ఆసుపత్రికి పోవాలి.

దూరాన ఉన్న పిల్లలకు

మన పిల్లలు కొందరు అమెరికాలో, ఇంగ్లండులో ఉన్నారు. అక్కడి ఇళ్లలో గోడలో కట్టిన పొయ్యి ఉంటుంది. ఫైర్‌ప్లేస్ అంటారు. ఊటీ, కొడైకెనాల్ పాత బంగళాల్లో మనవాళ్లు చూసి ఉంటారు. చూడడానికి అందం, కాని సూత్రం అవ్వ పొయ్యిదే, అవే రెండు దారులు. వెలిగించే ముందు గొట్టం లోపలి మూత తెరిచి ఉందో లేదో చూడాలి. నిప్పు పూర్తిగా చల్లారేవరకు దాన్ని మూయకూడదు. ఏడాదికొకసారి పనివాళ్లతో గొట్టం శుభ్రం చేయించాలి. రవ్వలు పడకుండా ముందు ఇనుప జాలీ పెట్టాలి. ఈ విషవాయువును పసిగట్టి మోగే అలారాలు అక్కడ దొరుకుతాయి. పడక గదుల దగ్గర అది తప్పక ఉండాలి. ఈ పత్రిక వారికి అందకపోతే, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులే అడగండి: "నాయనా, మీ పొయ్యి గొట్టం ఎప్పుడు తుడిపించినారు?" నవ్వినా ఫరవాలేదు.

చివరగా

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీద ఉంటుంది. ఇంటి క్షేమం కూడా దేవునికి సంబంధించిన విషయమే అని దీనివల్ల తెలుస్తుంది. పిట్టగోడ కట్టకుండా, పడిపోకుండా కాపాడమని ప్రార్థన చేయడం విశ్వాసం కాదు. ఆ రోజు నేను చేసింది అదే.

ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతున్నాడు. అవ్వ ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే కుంపటి తీసుకుపోయి ఆరుబయట పెట్టింది. "ఏడుమందిని సాకినా అంటినే, ఆ ఇంటికి అప్పుడు తాటాకు కప్పు. సందుల్లో నుంచి గాలి వస్తా ఉండె. ఈ సిమెంటు ఇంటికి సందే లేదు కదయ్యా" అంది నాతో. నేను ఎన్నో పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఆమె ఒక్క మాటలో చెప్పింది. పాత అలవాటు కొత్త ఇంట్లో అట్లాగే ఉంచుకున్నాం. ఇల్లు మారిందన్న సంగతి మరిచిపోయాం. ఇప్పుడు ఊళ్లో ఎవరింట్లో కాన్పు జరిగినా అవ్వే మొదట పోయి మంచం కిందికి వంగి చూస్తుంది.

తోటి కాపరులకు ఒక విన్నపం. బాలింత గదికి, ముసలివారి మంచం దగ్గరకు ప్రార్థనకు పిలిస్తే, కళ్లు మూసుకునే ముందు ఒకసారి కళ్లు తెరిచి చూడండి. కుంపటి ఉంటే బయట పెట్టించండి. కిటికీ మూసి ఉంటే మీ చేతులతో మీరే తెరవండి. పెద్దలు నొచ్చుకుంటారని జంకవద్దు. నెమ్మదిగా, గౌరవంగా చెబితే వింటారు. ఆ తర్వాత ఎంతసేపైనా ప్రార్థన చేయండి.

వచ్చే నెల మరల కలుసుకుందాం. అంతవరకు మీ ఇళ్లకు క్షేమము కలుగును గాక.